లాండ్రీ గదిలో ముప్పై ఎనిమిది నిమిషాలు

ఇలా దగ్గరికి జరగండి. ఆ టీవీ గొంతు కాస్త తగ్గించండి, ఆట మొదలవడానికి ఇంకా బోలెడు టైముంది. ఇది అరిచి చెప్పే సంగతి కాదు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేది.

థార్న్‌బరీ కాలేజీ బాస్కెట్‌బాల్ టీం బట్టలు పంతొమ్మిదేళ్ళు ఉతికాను నేను. కాగితాల మీద నా పేరు ఓజెల్లా ప్రూయిట్, పెళ్ళయ్యాక కూడా పుట్టింటి పేరే ఉంచుకున్నాను. కెంటకీలో మా ఊరికొచ్చి ఆ పేరు అడిగితే ఎవరూ దారి చూపించరు, మిస్ ఓజీ అంటే చంటిపిల్లాడు కూడా చూపిస్తాడు. జిమ్ కింద నేలమాళిగలో నా లాండ్రీ గది. దాని పక్కన ఆటల వీడియోలు చూసుకునే గది. రెంటికీ మధ్య గోడలో, పాత డ్రయ్యర్ గొట్టం కోసం కొట్టిన కన్నం ఒకటుంది. గొట్టం తీసేశారు, కన్నం పూడ్చడం మరిచిపోయారు. పక్క గదిలో ఎవరు ఏం మాట్లాడినా నా చెవిన పడాల్సిందే. కోచ్‌ల తిట్లు, పిల్లల ఏడుపులు, ఎన్ని విన్నానో! ఒక్కటీ ఆ గడప దాటనివ్వలేదు. ఆ ఒక్క గురువారం తప్ప.

మార్చి మొదటి గురువారం. శుక్రవారం టోర్నమెంట్. మధ్యాహ్నం ఒంటిగంటకి డారియన్ మెక్‌క్రేరీని వీడియో గదిలోకి పిలిచారు. పద్నాలుగో నంబరు జెర్సీ వాడిదే. ఆరడుగుల నాలుగంగుళాల పిల్లాడు, నా తలుపులోంచి వచ్చేటప్పుడు మాత్రం మరీ ఎక్కువ వంగేవాడు. ఆ వంగడం గుమ్మానికి కాదు, నాకు.

లోపల ఇద్దరు కూర్చున్నారు. ఒకరు లొరేటా పెటిగ్రూ. రాష్ట్ర పోలీసుల్లో ఇరవై ఏడేళ్ళు హత్య కేసులు చూసి, రిటైరయ్యాక మా కాలేజీలో ఇలాంటి విచారణలు చేస్తున్న మనిషి. రెండోవాడు బ్రైస్ విట్‌లాక్, లీగ్ ఆఫీసు పంపిన కుర్ర విచారణాధికారి. మెరిసే బూట్లు, మెరిసే పళ్ళు.

"చరిత్ర క్లాసుకి నువ్విచ్చిన వ్యాసం. పన్నెండు పేజీలు. ఎవరు రాశారు?" విట్‌లాక్ గొంతు.

"నేనేనండి."

"ఏ కంప్యూటర్ మీద?"

అవతల కుర్చీ కిర్రుమంది.

"ఫైల్ లోపల రాసినవాళ్ళ పేరు ఏముందో తెలుసా? కొరిన్ ఎల్స్‌వర్త్. నీ ట్యూషన్ టీచర్. టీచర్ ఆటగాడికి పాఠం చెప్పొచ్చు, తప్పులు చూపించొచ్చు. వాడి బదులు పెన్ను పట్టుకోకూడదు, కీబోర్డు ముట్టకూడదు. అది మొదటి రూలు."

"ఆవిడ ముట్టలేదండి."

"మరి ఆవిడ పేరెలా వచ్చింది? దయ్యం టైప్ చేసిందా?"

"నాకు తెలీదండి."

అప్పుడు పెటిగ్రూ మెల్లిగా అడిగింది. "పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా బాబూ?"

"గ్రేవీ పోసిన బిస్కెట్ రొట్టెలు తిన్నానండి."

"మంచిది. అయితే ఇది చూడు. ఫిబ్రవరి పదకొండు, పన్నెండు, పదమూడు. మూడు రోజులూ ఫైల్‌ని సేవ్ చేసిన టైములు ఒకటే. ఆరూ పది. ఆరూ నలభై ఎనిమిది. ఏడూ ఇరవై ఆరు. స్టడీ హాలు ఎనిమిదికి గానీ తెరవరు. నువ్వేమో ఐదూ యాభైకే హాస్టల్ తలుపు దగ్గర కార్డు గీకి బయటపడ్డావు. ఆ రెండు గంటలూ ఎక్కడున్నావు?"

"చెప్పలేనండి."

"చెప్పలేవా, చెప్పవా?"

"మాటిచ్చానండి."

"ఎవరికి?"

"అది చెప్పేస్తే ఇంక మాటిచ్చినట్టు ఎలా అవుతుంది మేడం?"

విట్‌లాక్ నవ్వాడు. "విన్నారుగా? ఇంకేం కావాలి? ఐదింటికి నేను కాగితం పంపాలి. వ్యాసం వేరేవాళ్ళది అని రాస్తే రేపటి ఆటా పోతుంది, నీ ఉచిత సీటూ పోతుంది. మెంఫిస్ నుంచి మీ అమ్మ ఆట చూడ్డానికి బస్సెక్కిందట కదా? వచ్చేటప్పుడు ఖాళీ సంచి తెమ్మను, నీ సామాను సర్దుకోవచ్చు."

గోడకి ఇవతల నా చేతిలో తువ్వాలు ఉంది. మడత పెట్టడం మొదలుపెట్టి ఎంతసేపయిందో, అది అలాగే సగంలో ఉండిపోయింది. ఎందుకంటే వాడు మాటిచ్చింది నాకు.

రెండూ ఐదుకి నా తలుపు చప్పుడైంది. పెటిగ్రూ ఒక్కతే వచ్చింది.

"ఒక్క నిమిషం కూర్చోవచ్చా మిస్ ఓజీ?"

"ఆ బుట్ట మీద మాత్రం వద్దమ్మా. అవి ఆటయ్యాక విప్పిన సాక్సులు. శవాల దగ్గర ముక్కు మూసుకోనివాళ్ళు కూడా ఇక్కడ మూసుకుంటారు."

ఆవిడ నవ్వి స్టూలు లాక్కుంది. నేను మిషన్లో బట్టలు వేసి మీట నొక్కాను. ఆవిడ కళ్ళు చేతి గడియారం మీదికి పోవడం చూశాను గానీ, ఎందుకో తట్టలేదు.

గదంతా కళ్ళతో నెమ్మదిగా తడిమింది. గోడకి కొట్టిన మేకులు, మేకులకి పట్టీలు. ఒక్కో ఆటగాడికి ఒక్కో పట్టీ, పట్టీకి నంబరు బిళ్ళ. విప్పిన బట్టలన్నీ వాడు తన పట్టీకే గుచ్చి పడేస్తే, ఆ పట్టీతోనే ఉతికి, ఆ పట్టీతోనే ఆరబెట్టి తిరిగి ఇస్తాం. ఒకడి నిక్కరు ఒకడికి పోదు. అంకెలు వస్తే చాలు, ఈ పని చెయ్యొచ్చు.

తర్వాత తలుపు వెనక వేలాడే పసుపు కాగితాల కట్ట తీసుకుంది. రోజుకి ఎన్ని ఉతికామో లెక్క వేసే కాగితాలు. ఒక్కొక్కటే వెనక్కి తిప్పుతూ పోయింది. ఆ కట్ట ముందే దాచి ఉండాల్సింది నేను.

మిషన్ ఆగింది. ఆవిడ గడియారం చూసింది.

"రెండూ నలభై మూడు. ముప్పై ఎనిమిది నిమిషాలు."

నేను తడి బట్టలు బయటికి తీస్తున్నాను, తలెత్తలేదు.

"ఆరూ పది నుంచి ఆరూ నలభై ఎనిమిదికి ముప్పై ఎనిమిది. అక్కణ్ణుంచి ఏడూ ఇరవై ఆరుకి మళ్ళీ ముప్పై ఎనిమిది. మిషన్ ఆగిన ప్రతిసారీ ఎవరో రాసేది ఆపి, సేవ్ చేసి, లేచి మీకు బట్టలు అందించారు. మర్యాద తెలిసినవాడై ఉండాలి. తడి బట్టలు బరువు కదా."

నేను మిషన్లోంచి ఇంకో పట్టీ పైకి లాగాను.

"ఇంకోటి." పసుపు కాగితాలు నా ముందు పెట్టింది. "జనవరి దాకా ఇవన్నీ బొమ్మలు. చదరం గీస్తే తువ్వాలు, వంకర గీత గీస్తే సాక్సు, పక్కన అంకె. చాలా ముచ్చటగా ఉన్నాయి. ఫిబ్రవరి నుంచి బొమ్మలు లేవు. అక్షరాలు. పెద్దవి, వణుకుతున్నవి. ఒక చోట చెరిపేసి మళ్ళీ రాశారు. ఈ గదిలో ఎవరో ఎవరికో చదువు చెబుతున్నారు మిస్ ఓజీ."

అరవయ్యారేళ్ళ వయసు దాకా దాచుకున్నది ఒక్క మధ్యాహ్నంలో బల్ల మీద పరిచేసింది ఆ మనిషి. కంపు కొట్టే ఆ సాక్సుల బుట్ట మీద నేనే కూర్చున్నాను.

ఏం చెప్పను? ఈ ఉద్యోగం దరఖాస్తు మా ఆయన నింపాడు, పన్నెండో తరగతి పాసయ్యానని రాసేశాడు. ఏడాదికోసారి ఉతికే రసాయనాల డబ్బాల జాగ్రత్తల కాగితం చదివినట్టు సంతకం పెడతాను. ఆ సంతకం కూడా బొమ్మే, చూసి గీసింది. కాలేజీలో పనిచేసే మనిషికి చదువు రాదని తెలిస్తే ఆ పిల్లలు నవ్వుతారని పంతొమ్మిదేళ్ళు భయపడ్డాను. డారియన్ ఒక్కడే కనిపెట్టాడు. నవ్వలేదు. మర్నాటి నుంచి పొద్దున ఆరింటికి వచ్చి, ఉతికిన జెర్సీల వీపులు నా వైపు తిప్పి, ఒక్కో పేరూ చదివించాడు. పోర్టర్, రాంసే, యూబ్యాంక్స్. అవే నా వాచకం. బదులుగా వాడికి నేను మా ఊరి సంగతులు చెప్పేదాన్ని. వాళ్ళ మేష్టరు ఏ పుస్తకంలోనూ లేని సంగతిని, బతికున్న మనిషి నోట విని రాయమన్నాడట. నా నోరు సంగతి మీకు తెలుసుగా.

పెటిగ్రూ తన నోటు పుస్తకం మూసి సంచిలో పెట్టేసింది.

"నేనేమీ రాసుకోలేదు. ఇది మీ రహస్యం, నా నోటి నుంచి రాదు. ఆ అబ్బాయి దాచాడు, నేను మాత్రం లాక్కుంటానా? చెప్పాలో వద్దో మీ ఇష్టం. ఐదింటిదాకా పక్క గదిలోనే ఉంటాను."

గుమ్మం దగ్గర ఆగి, "ఆ కాగితాల్లో తువ్వాలు అన్న మాట తప్పు లేకుండా రాశారు," అంది. వెళ్ళిపోయింది.

మూడున్నరకి కన్నంలోంచి గొడవ మొదలైంది.

"వాషింగ్ మిషన్ టైము పట్టుకుని లీగ్ వాళ్ళకి ఏమని రాయను? సబ్బు వచ్చి సాక్ష్యం చెప్పిందనా?"

"నీకు మొదట్నుంచీ తొందరే బ్రైస్. పోలీసు శిక్షణలో నా క్లాసులో కూర్చున్నప్పుడు కూడా ప్రశ్న పూర్తికాకముందే చెయ్యెత్తేవాడివి."

"చెయ్యెత్తాను కాబట్టే పైకొచ్చాను. మీరు చూడండి, నేలమాళిగలో ఉన్నారు."

"నువ్వూ నేలమాళిగలోనే ఉన్నావు నాయనా. చుట్టూ ఒకసారి చూసుకో."

డారియన్ నవ్వాపుకోలేక దగ్గినట్టు వినపడింది.

"సరే, ఆ లాండ్రీలో వాడితో ఎవరున్నారు? పేరు చెప్పండి."

"చెప్పను."

"మీరు కూడానా! వ్యాసం చివర ఏముందో చూశారా? 'ఈ సంగతులు నాకు చెప్పినవారు: ఒక పెద్దావిడ.' పేరు లేదు! ఈ ఊరి నల్లవాళ్ళ బడి, పొగాకు గోదాములో ఆటలు, ఆ రూఫస్ అనేవాడి మార్కుల కాగితం... ఏ పుస్తకంలోనూ లేవు. మెంఫిస్ పిల్లాడికి ఎలా తెలుస్తాయి? ఎల్స్‌వర్త్ ఈ ఊళ్ళో పుట్టింది. ఆవిడే రాసింది. నాలుగింటికల్లా పేరు రాకపోతే నేను సంతకం పెట్టేస్తున్నా."

ఆ రూఫస్ అనేవాడు. మా అన్నయ్య.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పందొమ్మిది వందల అరవై రెండు. ఆ ఏడే మొదటిసారి థార్న్‌బరీ మా నల్లవాళ్ళకి తలుపు తీసింది. అన్నయ్యలా ఆడేవాడు మూడు జిల్లాల్లో లేడు. మార్కుల కాగితం ఏప్రిల్ పదిహేనులోగా చేరాలన్నారు. మా హెడ్మాస్టరు పోస్టులో పంపానన్నాడు. కాలేజీ రాలేదంది. ఇంకోటి పంపుదామంటే ఏప్రిల్ ఇరవైన మా బడి తగలబడి, రికార్డులన్నీ బూడిదైపోయాయి. అర్హత లేదు పొమ్మన్నారు. అన్నయ్య లూయీవిల్‌లో ఇనుము పోతపోసే పనికి పోయాడు. బడి లేక, అక్షరాలు కూడబలుక్కోవడం రాకముందే, నేను మూడో తరగతితో ఆగిపోయాను. అమ్మానాన్నా ఆ రోజు కాలేజీ మెట్ల మీద నిలబడి ఒక్క మాటా అనలేదు. తలలు వంచుకుని వచ్చేశారు. నేను అమ్మ గౌను అంచు పట్టుకుని అదంతా చూశాను.

మూడూ యాభైకి లేచాను. అరలో తువ్వాళ్ళ వెనకున్న పాత ల్యాప్‌టాప్ తీసి చంకన పెట్టుకుని, పక్క గది తలుపు తోశాను.

డారియన్ లేచి నిలబడ్డాడు. "మిస్ ఓజీ, వద్దు. నేను చూసుకుంటాను."

"నోర్మూసుకుని కూర్చో నాన్నా. పొద్దున్నుంచీ నువ్వు చూసుకున్నది చాలు."

ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టాను. "ట్యూషన్ సెంటరుకి కొత్తవి వచ్చినప్పుడు ఇది మాకు పడేశారు. బట్టల జాబితా దీంట్లో కొట్టమన్నారు. నేను కొట్టను. అందులో ఎల్స్‌వర్త్ పేరు ఎవరూ మార్చలేదు."

పెటిగ్రూ మూత తెరిచింది. తెర మీద వెలిగిన పేరు ఎల్స్‌వర్త్‌దే. కొత్త ఫైలు తెరిచి ఒక మాట కొట్టి సేవ్ చేసి విట్‌లాక్ వైపు తిప్పింది. రాసినవారు: కొరిన్ ఎల్స్‌వర్త్.

"సరే. కంప్యూటర్ ఇదే," అన్నాడతను. "దాని మీద కొట్టింది ఈ అబ్బాయే అని ఎవరు చెబుతారు?"

"నేను. ఆ పెద్దావిడని నేనే. నాకు చదువు రాదు. వాడు నేర్పుతున్నాడు. ఆ మాట బయటికి రాకూడదని వాడి చేత మాట తీసుకున్నాను."

అనేశాను. గది కూలిపోలేదు. ఎవరూ నవ్వలేదు.

విట్‌లాక్ పెన్ను తిప్పుతూ, "మీకు వాడంటే ప్రేమ. వాడి కోసం ఏమైనా చెబుతారు," అన్నాడు. తొమ్మిదో పేజీ తీశాడు. "చెప్పండి, గోదాములో రింగు దేంతో చేశారు?"

"పీపాకి కట్టే ఇనుప పట్టీతో. ఆ పీపా మా పెదనాన్నది, అడక్కుండా తీసినందుకు పిల్లలందరికీ తన్నులు పడ్డాయి. రింగు ఎడమకి వాలిపోయి ఉండేది, అందుకే మావాళ్ళంతా కుడి పక్కనుంచి వేసేవాళ్ళు. ఆకు ఎండబెట్టే రోజుల్లో నేల జారేది, జిగటకి బూట్ల అడుగున తీపి సోడా పూసుకునేవాళ్ళు. నేనూ, పొరుగింటి విల్లాడీన్ కలిసి సీసాలు మోసేవాళ్ళం. సగం మేమే తాగేసేవాళ్ళం. వాలిపోయిన రింగూ సోడా దాంట్లో లేవు, చూసుకోండి. వాడికి చెప్పడం మరిచిపోయాను."

అతను పేజీలు అటూ ఇటూ తిప్పాడు. లేవు.

"అది కూడా చెప్పాల్సింది మిస్ ఓజీ!" అన్నాడు డారియన్ ఆపుకోలేక. "ఇంకో పేజీ వచ్చేది!"

విట్‌లాక్ వాడి ముఖంలోకి చూశాడు. ఆ మాట అన్నవాడే ఆ వ్యాసం రాసినవాడని అర్థమైపోయింది కాబోలు, పెన్ను మూత తీశాడు. నాలుగూ ఇరవైకి సంతకం పెట్టాడు: వ్యాసం ఆటగాడిదే, ఆడొచ్చు. కాగితం సంచిలో పెట్టుకుంటూ, "చివర్న ఆ పోస్టులో పంపిన మార్కుల కాగితం సంగతి మాత్రం కట్టుకథలా ఉంది. రుజువు లేదు," అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నాకూ అదే అనుమానం వచ్చింది," అంది పెటిగ్రూ. "అందుకే పొద్దున పదింటికి రికార్డుల గదికి వెళ్ళాను."

సంచిలోంచి గోధుమరంగు కవరు తీసింది.

"ఆ మొదటి ఏడు వచ్చిన నల్ల పిల్లల దరఖాస్తులన్నీ ఒకే పెట్టెలో పడేశారు. దారం కూడా విప్పలేదు ఎవరూ."

విట్‌లాక్ కవరులోకి తొంగి చూశాడు. మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడాడు. "మేడం, ఇది బయట పెడితే కాలేజీ మిమ్మల్ని రేపే పంపించేస్తుంది. మీకు తెలుసుగా?"

"తెలుసు. అందుకే ఇవాళే తెచ్చాను." కవరు నా చేతిలో పెట్టింది. "చదవండి మిస్ ఓజీ. తొందరేం లేదు."

కాగితం అంచులు పచ్చబడ్డాయి. డారియన్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు, ఒక్క అక్షరం కూడా అందించలేదు. మొదటి అక్షరం రాంసే జెర్సీలోది. రెండోది యూబ్యాంక్స్‌ది. వేలు పెట్టి వెళ్ళాను, మెల్లిగా, వీపు తర్వాత వీపు. రూఫస్. ఇంటిపేరు మొదట్లో పోర్టర్ అక్షరం. ప్రూయిట్. దాని కింద ఒక్కో పాఠం, ఎదురుగా మార్కు. ఇంగ్లీషులో అందరికంటే పైది. మా అన్నయ్య ఒక్కనాడూ చెప్పుకోలేదు.

కాగితం మూల ఊదారంగు ముద్ర ఒకటి గుండ్రంగా ఉంది. అందులో అక్షరాలు చిన్నవి, అవి నాకు రాలేదు. మధ్యలో తారీఖు మాత్రం వచ్చింది. ఏప్రిల్ తొమ్మిది, పందొమ్మిది వందల అరవై రెండు.

"ముద్రలో ఏముంది?" అనడిగాను.

డారియన్ వంగి చూశాడు. "ముట్టింది అని ఉంది, మిస్ ఓజీ."

తొమ్మిది పదిహేను కంటే ముందు వస్తుంది. అది నాకెవరూ నేర్పక్కర్లేదు.

ఇంక పెంచుకోండి ఆ టీవీ గొంతు. నా వయసు మీకు తెలుసు, ఈ సంగతి నేను ఇంకెన్నాళ్ళు మొయ్యగలనో తెలీదు. మీరు మొయ్యండి. ఎవరైనా మీ దగ్గర కూర్చుని, ఫలానా వాడి కాగితం రాలేదట, వాడికి అర్హత లేదట అని అంటే, తువ్వాలు మడతపెడుతున్నా సరే చెయ్యి ఆపి చెప్పండి. రూఫస్ ప్రూయిట్ కాగితం ఆరు రోజుల ముందే చేరిందనీ, దాన్ని వాడి చెల్లెలు సొంతంగా చదువుకుందనీ చెప్పండి. మరిచిపోకుండా చెప్పండి.